కుదుపు

మూడుసార్లు నీళ్ళు మార్చినా భర్త ప్యాంటుకు పట్టిన మట్టి వదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆమె బాత్రూంలో పీట వేసుకుని, మోకాళ్ళ దగ్గర బ్రష్షు పెట్టి రుద్దుతూ ఉంది. కిందటేడు అతను మట్టిదారుల్లో నడిపే డర్ట్ బైక్ కొన్నాడు. అప్పట్నుంచీ ఆదివారం పొద్దున్నే స్నేహితులతో ఊరి చివరి గుట్టల్లోకి పోవడం అతని పని, ఆ గుట్టల్లో సగం అతని బట్టల్లోంచి కడిగి పారబోయడం ఆమె పని. తలుపు దగ్గర నిలబడి టీ తాగుతూ, "నీక్కూడా ఒకటి కొందామోయ్. ఎలాగూ ఉతుకుతున్నావు, రెండు జతలూ ఒకేసారి అయిపోతాయి" అన్నాడు.

సరదాకే అన్నాడు. ఆమె చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"నిజంగా అంటున్నావా?"

"నిజంగానే. రోడ్డు మీద నాకంటే బాగా నడుపుతావు. మట్టిలో మాత్రం ఎందుకు రాదు?"

అతని నోట అలాంటి మాట రావడం అరుదు. వారమంతా ఆ మాట ఆమె వెంటే తిరిగింది. రక్తం తీస్తున్నప్పుడూ, గాజుగొట్టాల మీద పేర్లు అంటిస్తున్నప్పుడూ తనలో తనే నవ్వుకుంది. ఆమె ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. పెళ్ళికి ముందునుంచీ మోటార్‌సైకిల్ మీదే తిరిగేది కాబట్టి అక్కడంతా 'బండి మేడమ్' అనే పిలుస్తారు. పిలుపులో కొంత మెచ్చుకోలు, కొంత వెక్కిరింత. గేటు దగ్గర వాచ్‌మన్ ఇన్నేళ్ళయినా, "మీ సార్ బండి వేసుకొచ్చారా మేడమ్?" అని అడుగుతాడు. దూరాభారం ఇళ్ళకెళ్ళి రక్తం తెచ్చే పని వస్తే మేనేజర్ చూపు ఆమె మీదే పడుతుంది. సెలవు రోజు డ్యూటీ వేసినప్పుడు, "మీకేముంది, పిల్లాజెల్లా లేనివాళ్ళు, ఎప్పుడైనా వస్తారు" అంటాడు చాలా మర్యాదగా. ఆమె తలూపుతుంది. ఆ మాటకు జవాబు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియదు.

పిల్లలు లేరంటే, అసలు లేకపోలేదు. పన్నెండేళ్ళ కిందట నాలుగు నెలలు ఒక బిడ్డ ఆమె కడుపులో ఉంది. ఒక పొద్దున ఎవరో ముసలాయన ఇంటికెళ్ళి రక్తం తేవడానికి బండి మీద బయలుదేరింది. వానలకు రోడ్డు తెగిపోయి ఉంది. నీళ్ళు నిలిచిన గుంత లోతు తెలియక ముందు చక్రం అందులో పడింది. ఒళ్ళంతా ఒక్క కుదుపు. బండి పడలేదు, ఆమె పడలేదు. సాయంత్రానికి రక్తం కనిపించింది. ఆసుపత్రిలో మత్తు వదిలి కళ్ళు తెరిచేసరికి అన్నీ అయిపోయాయి. మంచం పక్కన అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఆ బండి కుదుపుకే పోయింది నా బంగారుతండ్రి. చెప్తే విన్నావా?" అంది. భర్త కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. కాదని అతను అనలేదు. అవునని కూడా అనలేదు.

ఇంటికొచ్చాక ఏడుపు వచ్చినప్పుడల్లా గొంతులోనే నొక్కేసుకుంది. చేసిందంతా చేసి ఏడవడానికి మొహమెలా చెల్లుతుంది? బండి తాళాలు తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది. మూడేళ్ళు ముట్టుకోలేదు. ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. ల్యాబ్ ఊరికి అటు చివరికి మారి, రెండు బస్సులు మారి వెళ్ళడం కష్టమైనప్పుడు అతనే, "సరే, ఇక బండి తియ్యి. ఇప్పుడు పోయేదేముందిలే" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగినా, అందులో అన్యాయమేమీ ఆమెకు కనిపించలేదు. ఇప్పటికీ దారిలో గుంత కనబడితే పొట్ట బిగుసుకుంటుంది. అసలు మట్టిలో బండి నడపాలన్న కోరిక కూడా అక్కడే పుట్టిందేమో. గుంతలు తప్ప ఇంకేమీ లేని చోట, వాటి మీదుగా పోతూ, ఒక్కసారైనా భయపడకుండా ఉండాలనుకుంది.

ఏ బండి కొనాలన్న చర్చ మాత్రం ఆమెను అడక్కుండానే సాగింది. భర్తా, అతని స్నేహితుడూ సోఫాలో కూర్చుని ఇంజిన్ల గురించి వాదించుకుంటుంటే ఆమె టీలు అందించింది. రేసుల్లో వాడే నాలుగువందల యాభై సీసీ బండే కొనాలని తేల్చారు.

"అంత పెద్దది నాకెందుకు? మొదటిసారి మట్టిలోకి దిగేవాళ్ళకి చిన్నదీ తేలికైందీ మంచిదంటున్నారు కదా" అంది.

"ఇన్నేళ్ళు రోడ్డు మీద పెద్ద బండి నడిపి ఇప్పుడు పిల్లల బండి ఎక్కుతావా? ఆర్నెల్లలో బోరు కొడుతుంది. పైగా పెద్దదైతే అవసరానికి నేనూ వాడుకుంటాను" అన్నాడు అతను.

పెద్దదే ఎందుకో అప్పుడు అర్థమైంది. లోపల్నుంచి అత్తగారు వింటూనే ఉంది. ఆమె ఖాళీ గ్లాసులు తీసుకెళ్తుంటే, "మట్టిలో ఎగురుతూ పోయే బండా? అప్పుడే ఆ సరదాలు మానుకునుంటే ఈ ఇంట్లో ఈపాటికి ఒకడు స్కూలు సంచీ తగిలించుకు తిరిగేవాడు" అంది. అరిచి అనలేదు. మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పే గొంతుతోనే అంది. ఆమె అలవాటుగా తల వంచుకుని గ్లాసులు కడిగింది.

తర్వాతి ఆదివారం భార్యాభర్తలిద్దరూ ఊరి బయట ప్రాక్టీసు మైదానానికి వెళ్ళారు. దాన్ని నడిపేది ఒకప్పుడు రేసుల్లో పాల్గొన్న మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడిచే నడివయసామె. అందరూ కోచ్ అంటారు. పాత డర్ట్ బైకులు బాగుచేసి అమ్ముతుంది కూడా. రేకుల షెడ్డు కింద బండ్లు వరసగా ఉన్నాయి, సన్నగా, ఎత్తుగా, పళ్ళుపళ్ళుగా ఉన్న టైర్లతో. భర్త తిన్నగా పెద్ద బండి దగ్గరకెళ్ళి దాని ధరా, బలమూ అడగడం మొదలుపెట్టాడు. కోచ్ అంతా విని, "నడిపేదెవరు?" అంది.

"మా ఆవిడ."

"అయితే ఆవిడతో మాట్లాడతాను." ఆమె వైపు తిరిగింది. "ఇది కిందపడే ఆట. దెబ్బలు తగలకుండా రాదు. ఎముకలు విరిగాయా ఎప్పుడైనా? ఆపరేషన్లూ, నడుం నొప్పీ, ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

"ఎముకలేం విరగలేదు" అంది ఆమె. దాచకూడదనిపించి, "ఒకసారి గర్భం పోయింది. బండి నడిపినందుకే. కుదుపు తగిలి" అంది.

కోచ్ మొహంలో ఏదో కదిలింది. ఈ మాటతో బండి అమ్మనంటుందేమోనని భర్త కంగారుపడ్డాడు. వెంటనే కలగజేసుకుని, "అబ్బే, అదేం కాదండి. బండి వల్ల కాదు. బిడ్డలోనే లోపం ఉంది, ఎలాగైనా నిలిచేది కాదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఈవిడ ఒంట్లో ఏ సమస్యా లేదు" అనేశాడు.

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

ఆమె అతని వైపు చూసింది. అతను పెద్ద బండి హ్యాండిల్ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. మాట్లాడితే ఏమైపోతుందోనని భయపడి ఆమె హెల్మెట్ అందుకుంది. "నడిపి చూస్తాను" అంది.

పెద్ద బండి మీద మునివేళ్ళు కూడా సరిగా నేలకి ఆనలేదు. యాక్సిలరేటర్ కొంచెం తిప్పగానే ఎవరో మెడపట్టి తోసినట్టు ముందుకు దూకింది. మొదటి మలుపులోనే, రోడ్డు మీద అలవాటుకొద్దీ ముందు బ్రేకు గట్టిగా పట్టింది. వదులు మట్టిలో ముందు చక్రం జారి, బండి ఒకవైపూ ఆమె ఒకవైపూ పడ్డారు. దూరం నుంచి భర్త, "ముందు బ్రేకు పట్టకూడదు, చెప్పానా" అని కేకేశాడు. కోచ్ కుంటుకుంటూ వచ్చి ఇంజిన్ ఆపి, ఆమెను లేపింది. ఏమీ అనకుండా షెడ్డులోంచి చిన్న బండి నడిపించుకొచ్చింది. పాతది, పక్కల గీతలు పడింది. ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ సగం వరకు ఆనాయి. "నిలబడి నడపండి. హ్యాండిల్ గట్టిగా పట్టుకోకండి. ముందు చక్రం ఊగుతుంది, ఊగనివ్వండి" అంది కోచ్. ఆమె నిలబడింది. చక్రం గుంతలో దిగింది, లేచింది. కుదుపు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. పై దాకా రాలేదు. ఇంకో గుంత. ఇంకోటి. తిరిగొచ్చి బండి దిగి, "ఇది తీసుకుంటాను" అంది.

తిరుగు దారిలో కారులో ఆమే అడిగింది. "ఎందుకు చెప్పలేదు?"

"ఏదో... చెబుదామనే అనుకున్నాను. అప్పటికే అమ్మ అలా అనేసింది. ఆ టైములో అమ్మని కాదంటే గొడవవుతుంది. నువ్వు కూడా మౌనంగా ఉన్నావు. సర్దుకుపోతుందిలే అనుకున్నాను."

"డాక్టరమ్మ ఇంకేం చెప్పింది?"

అతను గేరు మార్చాడు. మార్చాల్సిన అవసరం లేని చోట. "ఇంకేం లేదు."

"మనిద్దరికీ రక్తపరీక్ష చేయించుకోమందా?"

ఆమెకు జవాబు అక్కర్లేదు. అలాంటి బిడ్డలు పోయినప్పుడు, లోపం ఎవర్నుంచి వచ్చిందో చూడ్డానికి ఆలుమగలిద్దరికీ చేసే పరీక్ష అది. దానికి ఎంతమంది ఆడవాళ్ళ చేతికి తను రబ్బరు పట్టీ కట్టిందో లెక్కలేదు. ఎక్కువగా ఆడవాళ్ళే వస్తారు. "ఆయనకి తీరిక లేదండి" అంటూ కళ్ళు దించుకుంటారు. పాపం అనుకుంటూ వాళ్ళ నరం వెతికేది. వాళ్ళకైనా తెలుసు, ఏం వెతుకుతున్నారో.

"లోపం నాలోనే ఉందని తేలితే?" అన్నాడు అతను చివరికి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నీకేం, నువ్వు తట్టుకుంటావు. నావల్ల కాదనిపించింది."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె అద్దంలోంచి బయటికి చూసింది. మందేదో ఉండేదేమో. దారేదో ఉండేదేమో. ఉండేది కాదేమో కూడా. ఆ 'ఏమో' కూడా ఆమె దగ్గరకు రానివ్వకుండా ఒక్కడే తన పిరికితనం కింద దాచిపెట్టుకున్నాడు. తను మాత్రం ఇన్నేళ్ళూ హంతకురాలిలా తలొంచుకుని అందరి గ్లాసులూ కడిగింది.

ఆ సాయంత్రం అత్తగారి మోకాళ్ళకు నూనె రాస్తూ, రాస్తూనే చెప్పింది. "అత్తయ్యా, బిడ్డ బండి వల్ల పోలేదట. బిడ్డలోనే లోపం ఉందట. డాక్టరమ్మ అప్పుడే మీ అబ్బాయికి చెప్పిందట."

ముసలామె మోకాలు వెనక్కి లాక్కుంది. "వాడికి తెలుసా?" అంది.

"తెలుసు."

"తెలిసీ నాచేత అన్నన్ని మాటలు అననిచ్చాడా? పక్కనే కూర్చుని అన్నం తింటూ?" అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ వెంటనే, కోపమో ఏడుపో తెలియని గొంతుతో, "నేనన్నాను సరే. చదువుకున్నదానివి, ఆసుపత్రి పనులు తెలిసినదానివి. నువ్వెందుకు నమ్మావే?" అంది.

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఆమె అనుకోలేదు. ల్యాబ్‌కు వచ్చిన ఏ ఆడమనిషైనా ఇదే మాటంటే, "కుదుపులకి బిడ్డలు పోరమ్మా" అని తనే ఎన్నిసార్లో ధైర్యం చెప్పింది. తన దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి అక్కరకు రాలేదు. శిక్ష పడ్డాక నేరం చేశానా లేదా అని ఎవరు చూసుకుంటారు? అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది. ఒకరినొకరు ఓదార్చుకోవడం వాళ్ళకు ఎప్పుడూ అలవాటు లేదు.

వారం గడిచింది. భర్త ఇంట్లో మెల్లగా నడిచాడు, తన కంచం తనే కడుక్కున్నాడు. శనివారం ఆమె బూట్లు సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "రేపు నేనూ రానా?" అన్నాడు.

"వద్దు."

"నన్ను క్షమించలేవా?"

"ఏమో, తెలీదు. దాని గురించి ఇంకా ఆలోచించలేదు. నాకు వేరే పనుంది" అంది. నిజంగానే అంది, సాధించడానికి కాదు.

ఆదివారం మైదానంలో వానకు తడిసిన మట్టి మెత్తగా ఉంది. ఆమె చిన్న బండి మీద నిలబడి మొదటి చుట్టు తిరిగింది, రెండోది తిరిగింది. దూరంగా కంప మొక్కల దగ్గర మలుపులో పడలేదు, జారలేదు. ఎందుకో బండి ఆపేసింది. దిగి, హెల్మెట్ తీసి, అక్కడే మట్టిలో కూలబడింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. గొంతులో నొక్కాలని చెయ్యి నోటి దాకా పోయి, నొక్కాల్సిన పని లేదని గుర్తొచ్చి, కిందికి దిగింది. ఆమె గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చింది.

కోచ్ కాలీడ్చుకుంటూ అంత దూరం నడిచి వచ్చింది. వంగి ఆమె చేతులూ మోకాళ్ళూ తడిమి చూసింది. "ఎక్కడ తగిలింది?" అని అడిగింది.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపిరి అందాక, అప్పుడే కబురు తెలిసినదానిలా, "నా బిడ్డ చనిపోయింది" అంది.

కోచ్ ఎప్పుడని అడగలేదు. చేతి తొడుగులు తీసి పక్కన పెట్టి, ఆ మట్టిలోనే ఆమె పక్కన కూర్చుంది.