ఉరుము మెత్తగా వాయించిన సాయంత్రం

ఆ శనివారం హాలుకు బయలుదేరే ముందు చేయాల్సిన పనులు ఇవి. మైకులో పాత బ్యాటరీలు తీసేసి కొత్తవి వేయాలి. "ఇంకా ఉన్నాయిలే" అనే మాటను నమ్మకూడదు. ప్రతి వైరుకూ తోడు ఇంకో వైరు పెట్టాలి. వైర్లను మోచేతికి చుట్టకూడదు, లోపలి తీగ మెలిపడి స్టేజీ మీద గరగరమంటుంది. దాని వాటాన్ని బట్టి వదులుగా, గుండ్రంగా చుట్టాలి. ఎవరి వైరుకు వారి రంగు టేపు అంటించాలి. డ్రమ్స్ కింద పరిచే పాత తివాచీ మరిచిపోకూడదు, లేకపోతే నున్నటి నేల మీద పెద్ద డ్రమ్ము పాటపాటకూ జనం వైపు నడిచిపోతుంది. ప్లగ్గులు ఎక్కడున్నాయో హాలువాళ్ళను ముందే అడిగి, దానికి తగ్గ ఎక్స్‌టెన్షన్ బోర్డు సర్దాలి. పాడేవారికి గోరువెచ్చని నీళ్ళు. అందరికీ చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు. మైకుల శబ్దాన్ని పెంచి తగ్గించే మిక్సర్ మీద ఒక నాబ్‌ను దేనికీ కలపకుండా ఖాళీగా ఉంచుకోవాలి.

ఈ పనులన్నీ నావే. మా ఇంటిల్లిపాదిలో మొట్టమొదట డిగ్రీ పూర్తి చేసింది నేను. చదివింది వృక్షశాస్త్రం. కానీ మావాళ్ళ లెక్కలో డిగ్రీ అంటే ఏ తాళానికైనా పట్టే చెవి. ఫ్యూజు పోయినా, మిక్సర్ మొరాయించినా, హాలు మేనేజరుతో మాట్లాడాల్సి వచ్చినా "చదువుకున్న పిల్ల చూసుకుంటుందిలే" అంటారు. వాళ్ళు చదివించినందుకు నేనూ చూసుకుంటాను. తెలియనివి లైబ్రరీలో చదివి నేర్చుకున్నాను. నేర్చుకున్నవి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి సామాన్ల పెట్టె మూతకు లోపలివైపు అంటించాను. మా బృందంలో ఆ కాగితం చదివినవాళ్ళు ఎవరూ లేరు. కాగితం మటుకు చక్కగా అంటుకుని ఉంది.

బృందమంటే ముగ్గురు, నేను. పాడేది మామయ్య, అంటే మా అమ్మకు అన్న. డ్రమ్స్ వాయించేది నాన్న. కీబోర్డు మీద ఒక మాస్టారు. నాన్న అసలు పేరు బయట ఎవరికీ తెలియదు, అందరూ "ఉరుము" అంటారు. ఆయన కర్రలు ఎత్తితే ముందు వరుసలో పిల్లలు ముందే చెవులు మూసుకుంటారు.

చెవుల బిరడాలు పంచితే మామయ్య తన జతను నా చేతిలోనే పెట్టేశాడు. "చెవులు మూసుకుని పాటేంటమ్మా? ముక్కు మూసుకుని పూలు కొన్నట్టుంటుంది" అన్నాడు. మాస్టారు తన జతను కీబోర్డు కాలు ఎగుడుదిగుడుగా ఉంటే దాని కింద పెట్టాడు. నాన్న జేబులో వేసుకున్నాడు. నా బాధ చూసి మామయ్య ఓదార్చాడు కూడా. "వీళ్ళకు నువ్వు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనమ్మా. ఊరికే ఆయాసం."

హాలు ఒక హోటల్ కింది అంతస్తులో ఉంది. సాయంత్రం పూట జనం టీ తాగుతూ పాటలు వింటారు. పై అంతస్తుల్లో బస చేసేవాళ్ళు గోల భరించలేకపోతున్నామని అన్నారట, అందుకని గోడకు ఒక పెట్టె బిగించారు. దాని మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. శబ్దం మితంగా ఉన్నంతసేపు ఆకుపచ్చ. పెరిగితే పసుపు. ఇంకా పెరిగి ఎరుపు వెలిగిందంటే స్టేజీ ప్లగ్గులన్నిటికీ కరెంటు దానంతటదే తెగిపోతుంది. హాలులో లైట్లు, ఫ్యాన్లు మామూలుగానే ఉంటాయి. మైకు, మిక్సర్, స్పీకర్లు మూగబోతాయి. మేనేజరు ముందే చెప్పాడు: ప్రోగ్రాంలో ఒక్కసారి కరెంటు తెగినా సామాన్లు సర్దుకోవడమే. తెగకుండా, జనానికి నచ్చేలా పాడితే ఇక ప్రతి శనివారమూ మాదే.

మామయ్యకు ఆ శనివారాలు కావాలి. ఈమధ్య ఆయన్ను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. పెద్దాయన పాడటం లేదు, అరుస్తున్నాడన్న మాట ఎలాగో పాకింది. "ఇదీ పోతే ఇక పాట మానేస్తాను" అని ఇంట్లో అందరి ముందూ అన్నాడు. పాట మానేసిన మామయ్య ఎలా ఉంటాడో మాకెవరికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ఇప్పుడు ఖాళీ నాబ్ సంగతి. పాడేవారి కాళ్ళ దగ్గర, వారివైపే తిరిగి ఒక స్పీకరు ఉంటుంది. వారి గొంతు వారికి వినిపించడానికి అది. దాన్ని మానిటర్ అంటారు. ప్రపంచంలో ఏ గాయకుడికీ అందులో తన గొంతు సరిపోదు. పెంచమంటారు. పెంచుతూపోతే ఒక దశలో మైకు, స్పీకరు ఒకదాన్నొకటి అందుకుని కీచుమని కూత పెడతాయి. అందుకని, నిజంగా పెంచగలిగినంత పెంచాక, ఆపైన "ఇంకొంచెం" అన్న ప్రతిసారీ దేనికీ కలపని నాబ్ తిప్పాలి. ముఖం గంభీరంగా పెట్టి తిప్పాలి. అప్పుడు వారు తల ఊపి "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంటారు. నేను అబద్ధాలాడను. తిప్పావా అంటే తిప్పాను అంటాను.

జనం రాకముందే అన్నీ సరిచూసుకుందామని ఒక పాట మొదలుపెట్టాం. మామయ్య కళ్ళు మూసుకుని గొంతెత్తాడు. నాన్న తన తీరున వాయించాడు. గోడ మీద పసుపు వెలిగింది, రెండో చరణానికి ఎరుపు. టక్కుమని చప్పుడైంది. కీబోర్డు ఆగిపోయింది. నా ముందు మిక్సర్ మీద చుక్కల్లా వెలిగే దీపాలన్నీ ఆరిపోయాయి. నాన్న కర్రలు గాల్లోనే ఆపాడు.

మామయ్య మాత్రం పాడుతూనే ఉన్నాడు.

చచ్చిన మైకు ముందు, ఖాళీ కుర్చీల మధ్య, ఒట్టి గొంతుతో పాడుతున్నాడు. ఒక కన్ను తెరిచి నావైపు చూసి వేలు పైకెత్తాడు. పెంచు అని. అలవాటు కొద్దీ నా చేయి ఖాళీ నాబ్ మీదికి వెళ్ళింది. కరెంటే లేని మిక్సర్ మీద, దేనికీ కలపని నాబ్‌ను గంభీరంగా తిప్పాను.

మామయ్య తృప్తిగా తల ఊపాడు.

మాస్టారు ఫక్కుమని నవ్వబోయి నాన్న ముఖం చూసి మానేశాడు. నాన్న కర్రలు కింద పెట్టి, వేళ్ళతోనే డ్రమ్ము మీద తాళం అందుకున్నాడు. పాట అయిపోయేదాకా అలాగే వాయించాడు.

మామయ్య కళ్ళు తెరిచాడు. "ఏంటి, అందరూ నన్నే చూస్తున్నారు?"

"బాగా పాడావు బావా. నోరు తెరుచుకుని ఉండిపోయాం" అన్నాడు నాన్న.

"మరీ మునగచెట్టు ఎక్కించకు. కానీ నిజమే, ఇవాళ మానిటర్ బ్రహ్మాండంగా ఉంది. అమ్మలూ, దాన్ని కదపకు!" అని మామయ్య నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. హాలు నిశ్శబ్దమయ్యాక స్టేజీకి కరెంటు దానంతటదే తిరిగి వచ్చింది.

నాన్న, నేను స్టేజీ వెనక నిలబడ్డాం.

"మామయ్యకు వినపడటం లేదు నాన్నా. చెప్పేద్దాం."

"ఏమని? ఇంకాసేపట్లో స్టేజీ ఎక్కేవాడి దగ్గరికెళ్ళి, నువ్వు చెవిటివాడివి, వెళ్ళి పాడు అంటావా?"

"మరి ఆయన అరుస్తాడు, నువ్వు ఉరుముతావు, కరెంటు పోతుంది. అప్పుడు అందరికీ తెలుస్తుంది."

"వాడు అరిచేది నా మోత మీదుగా వినపడాలని. నేను తగ్గితే వాడూ తగ్గుతాడు." నాన్న డ్రమ్స్ వైపు తిరిగాడు. "వాడి చెవి పక్కన ఇన్నేళ్ళూ పళ్ళాలు మోగించింది ఎవరే? నేనేగా. ఆ చెవులు నా చేతుల్లోనే పోయాయి. నోరు మూసుకుని ఆ తువ్వాళ్ళు ఇలా తే."

పళ్ళాలంటే సింబల్స్, డ్రమ్స్ పైన వేలాడే ఇత్తడి రేకులు. వాటి అడుగున టేపు ముక్కలు అంటించాం. డ్రమ్ముల మీద తువ్వాళ్ళు పరిచి అంచులు బిగించాం. పెద్ద డ్రమ్ము కడుపులో హోటల్ దిండు ఒకటి కుక్కాం. కర్రలు సంచిలో పెట్టేసి, సన్నటి తీగల కుంచెలు బయటికి తీశాడు నాన్న. అవి కొన్న నాటి నుంచీ వాటితో దుమ్ము దులపడం తప్ప ఆయన వాయించగా నేను చూడలేదు.

ఇక్కడ ఒక మాట వాయించేవాళ్ళ కోసం రాస్తున్నాను. గట్టిగా వాయించడానికి బలం చాలు. మెల్లగా, తాళం జారకుండా, పాట ఊపు పోకుండా వాయించడానికి ఒళ్ళంతా కావాలి. చేయి ఎత్తాలి, కానీ ఎత్తినంత బరువుగా దించకూడదు. ఆ సాయంత్రం నాన్న చొక్కా తడిసినంతగా ఏ ఊరేగింపులోనూ తడవలేదు.

జనం వచ్చారు. మామయ్య మొదటి పాట ఎప్పట్లాగే గట్టిగా ఎత్తుకున్నాడు. పసుపు వెలిగింది. నాన్న కుంచెలు ఇంకా మెత్తగా కదిలాయి. మామయ్య ఏదో వింతగా తోచినవాడిలా వెనక్కి ఒకసారి చూశాడు. గొంతు కొంచెం దించాడు. ఇంకొంచెం దించాడు. ఆకుపచ్చ వచ్చింది. ఇక అక్కణ్ణుంచి ఆయన పాడిన పాటలు నేను చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని విన్నవాటిలా ఉన్నాయి. ప్రతి మాటా దేనికది విడిగా, తేటగా వచ్చి చెవిలో కూర్చుంది. టీ కప్పులు కింద పెట్టేటప్పుడు చప్పుడవుతుందని జనం చేతుల్లోనే పట్టుకున్నారు. మామయ్య నావైపు వేలెత్తలేదు.

అయిపోయాక మేనేజరు స్వయంగా వచ్చి మామయ్య చేతులు పట్టుకున్నాడు. "పెద్దాయనా, మీ గొంతు బంగారం! ఎవరేమన్నారో గానీ, అన్నవాళ్ళకు చెవుల్లేవు. వచ్చే శనివారం నుంచి మీదే. ఒక్కటే చిన్న మాట." నన్ను పక్కకు పిలిచాడు. చదువుకున్నదాన్ని కదా, ఇలాంటివి నాకే చెబుతారు. కానీ ఆయన గొంతు హాలంతా వినపడేది. "ఆ డ్రమ్స్ ఆయన మరీ చచ్చుగా వాయిస్తున్నాడమ్మా. నిద్రపోతున్నాడేమో అనుకున్నా. ఉరుము అంటే ఏదో అనుకున్నాం. ఇప్పుడు మిషన్లు వచ్చాయి కదా, బటన్ నొక్కితే తాళం వేస్తాయి. అది పెట్టుకోండి."

"సార్, ఆయన గట్టిగా వాయిస్తే మీ పెట్టె కరెంటు తీసేస్తుంది. అందుకనే..."

"పెట్టె ఒక్కసారి కూడా ఎర్రబడలేదుగా! అంటే ఇంకా గట్టిగా వాయించడానికి వీలుండీ వాయించలేదనేగా?"

ఇంత పటిష్ఠమైన తర్కానికి నా వృక్షశాస్త్రంలో జవాబు లేదు. ఉన్న జవాబు చెబితే మామయ్య చెవుల సంగతి చెప్పాలి. నోరు తెరిచాను. మేనేజరు భుజం మీదుగా నాన్న కనిపించాడు. తల అడ్డంగా ఊపాడు. మూశాను.

మామయ్య నాన్న పక్కన స్టేజీ అంచున కూర్చున్నాడు. నేను చెప్పేముందే ఆయనకు ఎవరో చెప్పేశారు. మామయ్య నాన్న భుజం మీద చేయి వేశాడు.

"బావా, ఏమీ అనుకోకు. ఇవాళ నాకూ అనిపించింది. వెనక్కి చూస్తే చేతులు ఆడుతున్నాయి, మోత రావడం లేదు. పట్టు పోతోందా?"

"కొంచెం" అన్నాడు నాన్న.

"ముందే చెప్పొద్దూ! మనలో మనకు దాపరికమేంటి? వయసు మీద పడుతుంది, ఎవరికైనా ఏదో ఒకటి తగ్గుతుంది. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?"

"నిజమే బావా. ఒప్పుకోవాలి."

"ఆఁ?"

"ఒప్పుకోవాలి అంటున్నా!" నాన్న గట్టిగా అన్నాడు. గోడ మీద పసుపు వెలిగి ఆరింది.

"అదీ! ఆ మిషనేదో ఉందట, దాని సంగతి చదువుకున్న పిల్ల చూసుకుంటుందిలే" అన్నాడు మామయ్య.

చూసుకుంటున్నాను. ప్రతి శనివారం నాన్న కూర్చునే చోట ఒక బల్ల, దాని మీద ఒక చిన్న మిషన్. బటన్ నేను నొక్కుతాను. అది తాళం తప్పదు, చెమట పట్టదు. మామయ్య గొంతు పెంచినా అది తగ్గదు, గొంతు వణికినా అది ఆగదు. పెట్టె ఆకుపచ్చగా ఉంటుంది. మామయ్య బాగానే పాడుతున్నాడు, పిలిచేవాళ్ళు పెరిగారు. చెవుల డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడని, నాన్నకు చెవుల పరీక్ష ఉందని చెప్పి మామయ్యను తోడుగా తీసుకెళ్ళాను. డాక్టరు గదిలో మామయ్య తనే ముందు కూర్చుని, "భయపడకు బావా, ఏం కాదు, చూడు, నేను చేయించుకుంటున్నా" అని నాన్నకు ధైర్యం చెప్పాడు. ఇప్పుడు చెవి వెనక చిన్న మిషన్ పెట్టుకుంటాడు. బావ మొహమాటపడకుండా పెట్టుకోవాలని తనూ పెట్టుకుంటున్నానని అందరితో చెబుతాడు. నాన్న మాత్రం ఎందుకు పెట్టుకోవడం లేదో ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు. మొండివాడు అంటాడు.

నాన్న శనివారాలు హాలుకు వస్తాడు. వెనక వరుసలో కూర్చుని టీ తాగుతాడు. చప్పట్లు కొట్టేటప్పుడు కూడా చేతులు మెల్లగానే కలుపుతాడు.

నేను ఇదంతా రాసింది ఒక్క కోరికతో. మీరెప్పుడైనా ఎక్కడైనా పాట వింటూ కూర్చుంటే, పాడేవారి ప్రతి మాటా తేటగా మీదాకా వస్తే, వెనకెవరో మరీ మెల్లగా వాయిస్తున్నారే అని మీకనిపిస్తే, అప్పుడు ఒక్కసారి మా నాన్నను తలుచుకోండి. ఆయన్ను ఉరుము అనేవారు.