సాత్విక్‌కు రాసిన నంబరు

మిర్యాలగూడలో ఆ ఇంట్లో నెట్ పోవడం పాలు పొంగడమంత మామూలు. ప్రత్యూష పొద్దున్నే టీ గ్లాసుతో సర్వర్ ముందు కూర్చునేది. సర్వర్ అంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. బియ్యం బస్తాల పక్కన లినక్స్ ఎక్కించిన పాత కంప్యూటర్. వాళ్ల బియ్యం మిల్లు కెమెరాల వీడియోలన్నీ దాని పొట్టలోనే. ముందు రూటర్‌కు పింగ్ కొట్టేది, అంటే ఉన్నావా అని పిలిచేది; అది పలికేది. బయటి నంబరుకు కొట్టేది, అదీ పలికేది. సైటు పేరు కొడితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పేరుకు నంబరు చెప్పాల్సిన చోటే ఎప్పుడూ తంటా.

అప్పుడు అత్తగారిని అడిగేది. రాజేశ్వరమ్మ బియ్యంలో రాళ్లేరుతూ, తలెత్తకుండానే నంబరు చెప్పేది. ఏ పేరు చెప్పినా అది ఎక్కడుందో ఆమెకు తెలిసేది. తప్పిపోయిన మేకల కోసం కూడా వీధివాళ్లు వచ్చేవాళ్లు. ఓసారి శాంతకుమారి టీచరమ్మ తన భర్త రాజారత్నం గురించి అడిగితే, "గా పేరు లేదు బిడ్డా" అంది. గంట తిరగకముందే దవాఖాన నుంచి ఫోనొచ్చింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఏడ్చారంతే.

ఒకరోజు ప్రత్యూష భర్త సాత్విక్ మిల్లుకు రబ్బరు రోలర్లు తేవడానికి బండి మీద కోదాడ పోయాడు. మధ్యాహ్నమైనా రాలేదు, ఫోను కలవలేదు.

"అత్తమ్మా, మీ కొడుకు యాడిదాక వచ్చిండు? అన్నం సల్లారుతున్నది."

"హుజూర్‌నగర్ దాటిండు."

కూరకు తాలింపు పెట్టి వచ్చి మళ్లీ అడిగింది. రాజేశ్వరమ్మ చెయ్యి చాటలోనే ఆగిపోయింది.

"గా పేరు లేదు బిడ్డా."

"మీ కొడుకు అత్తమ్మా! సాత్విక్! మంచిగ సూడుండ్రి."

"సూసిన. లేదు," అంటూ ఆమె కొంగులో మొహం దాచుకుంది.

 ప్రత్యూషకు ఏడవాలనిపించింది గానీ, ఏడిస్తే ఒప్పుకున్నట్టే కదా. సర్వర్ దగ్గరికి పరుగెత్తింది. ఏ పేరునైనా బయట అడిగే ముందు కంప్యూటర్ తన సొంత ఫైలు చూసుకుంటుంది. అందులో చేత్తో రాసి ఉంటే ఇక అదే వేదం. ఆ ఇంట్లో అత్తగారి మాటైనా సరే, ఆ ఫైలు తర్వాతే. అది తెరిచి సాత్విక్ పేరు రాసింది. మరి నంబరు? ఆమెకు ఒక్కటే తోచింది, ప్రతి కంప్యూటరూ తనను తాను పిలుచుకునే 127.0.0.1. ఇక్కడే, ఈ ఇంట్లోనే అని.

సేవ్ చేసి వెనక్కి తిరిగితే, సాత్విక్ బస్తాల మధ్య హెల్మెట్‌తో నిలబడి ఉన్నాడు.

"లారీ ఎదురొచ్చింది," అన్నాడు. "ఇగ గీడున్న."

బండి మాత్రం హుజూర్‌నగర్ ఇవతల రోడ్డు మీద తునాతునకలై దొరికింది.

మర్నాడు సాత్విక్ మిల్లుకని గేటు దాటి అడుగేశాడు. ఆ అడుగు వంటింట్లో పడింది. వెనక తలుపు నుంచి పోయినా అంతే. "ఇంట్లనే ఉన్నడు" అని రాజేశ్వరమ్మ అడిగినవాళ్లకల్లా సంబరంగా చెప్పేది. మిల్లు ప్రత్యూషే చూసుకోసాగింది. వానాకాలం వచ్చేసరికి సాత్విక్ కిటికీ దగ్గర్నుంచి కదలడం మానేశాడు.

"ఫైల్ల గా లైను తీసెయ్యవే. ఒక్కసారి రోడ్డు మీద నడుస్త."

"తీస్తే మళ్ల గా లారీ ముందల ఉంటవ్."

"ఉంటే ఉంట. నువ్వు తియ్యకుంటే నేనే తీస్త. నాకు రాదా?"

 ప్రత్యూష కంచంలో అన్నం వడ్డించి, పప్పులో నెయ్యి వేసింది. అతను చేతులు కడుక్కోవడానికి లేవగానే, సర్వర్ పాస్‌వర్డ్ మార్చేసింది.