కాంచిల్ వెనక ఎర్రదీపం

మా ఆయన సుహైమి చేతికి స్క్రూడ్రైవర్ దొరికితే తిండీ నీళ్లూ గుర్తుండవు. రంజాన్ నెలలో పగటిపూట అవి ఎలాగూ లేవు కాబట్టి, ఆ రోజు మధ్యాహ్నం నుంచే పాత కాంచిల్ కారు వెనక చతికిలబడ్డాడు. పూల చొక్కా విప్పి గుమ్మానికి తగిలించాడు. గళ్ల లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి, చుట్టూ స్క్రూలు పరుచుకుని, అంగడి పెట్టినవాడిలా కూర్చున్నాడు.

కారు మా అమ్మాయి మైసారాది. పక్క ఊరు కమున్తింగ్‌లో చేతి తొడుగుల ఫ్యాక్టరీలో దానికి రాత్రి డ్యూటీ. అంతకు ముందు వారం సంతలో ఎవడో కూరగాయల వ్యానువాడు గుద్ది ఎడమవైపు వెనక దీపం పగలగొట్టి పోయాడు. ఈయన దానికి ఎర్ర ప్లాస్టిక్ టేపు చుట్టి, "ఇంక వందేళ్లు చూడక్కర్లేదు" అన్నాడు. మూడో రోజు పిల్ల ఏడుపు మొహంతో ఇంటికొచ్చి వాళ్ల నాన్నని పట్టుకుంది.

"అబాహ్, వానలో నేను వెనకవాళ్లకి కనబడటం లేదు. ఇసుక లారీలు మీదికొచ్చేస్తున్నాయి. రాత్రి ఒకడు ఇంత దూరంలో ఆగాడు," అని బెత్తెడు చూపించింది.

మలేషియాలో మా తైపింగ్ ఊళ్లో వాన పడని సాయంత్రం ఉంటే జనం దాని గురించి మాట్లాడుకుంటారు. ఆ వానలో, లారీల మధ్య, అగ్గిపెట్టెంత కారులో నా కూతురు. అది బెత్తెడు చూపించినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఈయన కూడా పైకి నవ్వాడు గానీ, మర్నాడే విడిభాగాల కోసం సగానికి కోసిన పాత జపాను కార్లు అమ్మే కొట్టుకి పోయి, కాంచిల్‌కి సరిపడే రెండు దీపాలు సంపాదించుకొచ్చాడు. "మన కాంచిల్‌ని ఏ జపాను కారుని చూసి చేశారో, ఆ అక్కగారివి ఇవి," అని మురిసిపోయాడు.

అక్కగారి దీపాలు చెల్లెలికి ఊరికే పట్టలేదు. వైర్లు వేరు. కోసి కలపాల్సి వచ్చింది. కలిపేటప్పుడు ఎక్కడైనా రాసుకుని మాడిపోతుందేమోనని, బ్రేకు దీపాల ఫ్యూజు పీకి లుంగీ మడతలో దోపుకున్నాడు. మా మగవాళ్లకి నడుం దగ్గర ఆ మడతే బీరువా. తాళాలూ, చిల్లర, పక్కింటివాళ్లు వినకూడని రహస్యం ఉన్నా అందులోనే దోపుతారు.

పొద్దుగూకే వేళకి పని అయింది. ఈయన లోపలికి వంగి మీట తిప్పాడు. రెండు దీపాలూ ఎర్రగా, నిండుగా వెలిగాయి. వాకిట్లో నీటి మడుగులు కూడా ఎర్రబడ్డాయి.

"చూశావా రొకియా? పది మైళ్ల అవతలి లారీవాడికి కూడా కనబడుతుంది."

"కనబడుతుంది లెండి. చేతులు కడుక్కోండి, వేళవుతోంది."

మా ఇంట్లో దీపాల పని ఎప్పుడు జరిగినా చివర్లో ఒక తంతు ఉంటుంది. నేను కారులో కూర్చుని బ్రేకు తొక్కుతాను, ఆయన వెనక నిలబడి "వెలిగింది, వదులు" అంటాడు. ఒక్కడే రెండు చోట్ల ఉండలేడు కదా. ఆ మాట అనడానికే నా వైపు తిరిగినట్టున్నాడు, సరిగ్గా అప్పుడే వీధి చివర నమాజు ఇంటి నుంచి అజాన్ వినబడింది. పొద్దుటి నుంచి చుక్క నీరు ముట్టని మనుషులం. ఆ పిలుపు చెవిన పడ్డాక ఇంకేదీ గుర్తురాదు. ఆయన చెయ్యి కడిగిందీ లేనిదీ కూడా చూడలేదు నేను. ముగ్గురం ఖర్జూరాల పళ్లెం చుట్టూ చేరాం.

మైసారా నాలుగు ముద్దలు తిని, మిగతాది డబ్బాలో పెట్టించుకుని లేచింది. యూనిఫాం మీద కోటు వేసుకుంటుంటే వాళ్ల నాన్న ఎప్పటి పాఠమే చదివాడు.

"ఫోను సంచిలో పడెయ్. బండి నడుపుతూ ఎత్తావో, నిన్ను..."

"మలేషియా నుంచి గెంటేస్తావు. తెలుసు అబాహ్." చేతికి ముద్దు పెట్టి వెళ్లిపోయింది. సందు మలుపు దాకా ఆ రెండు ఎర్రదీపాలూ నాకు కనబడుతూనే ఉన్నాయి. ఎంత నిశ్చింతగా అనిపించిందో చెప్పలేను.

రంజాన్ రాత్రుల తరావీహ్ నమాజుకి వెళ్లాలని నేను తల నుంచి పాదాల దాకా తెల్లటి తెలెకుంగ్ వేసుకుని సిద్ధమయ్యాను. ఈయన గదిలో మాసిన లుంగీ విప్పి ఉతికింది కట్టుకుంటున్నాడు. నేల మీద టక్కున ఏదో పడిన చప్పుడు. 

"ఏవండీ?"

 వెళ్లి చూస్తే వంగి, వేలి గోరంత నీలం ప్లాస్టిక్ ముక్కని అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు. 

"ఏంటది?"

"ఫ్యూజు. బ్రేకుది."

"దీపాలు వెలిగాయిగా!"

"వెలిగింది రాత్రి దీపం రొకియా. దాని తీగ వేరు. బ్రేకు తొక్కితే వెలగాల్సింది వెలగదు. అది ఆగిపోతున్నా వెనకవాడికి పోతున్నట్టే ఉంటుంది. టేపు చుట్టిన రోజుల్లో కుడివైపుదైనా వెలిగేది. ఇప్పుడు రెండూ చంపాను."

 ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. సంచిలో ఉంటుంది, అదీ వెనక సీట్లో. నాన్న మాట జవదాటని పిల్ల అని ఊరంతా చెప్పుకునేదాన్ని. ఆ క్షణం ఆ బుద్ధిమంతురాలిని చెంప పగలగొట్టాలనిపించింది.

ఈయన అప్పటికే కోటు వెనకా ముందూ చేసి తొడుక్కుంటున్నాడు. మా వైపు మోటార్‌సైకిలు నడిపేవాళ్లంతా అంతే, గాలీ వానా రొమ్ముకి తగలకుండా వీపు భాగం ముందుకు వచ్చేలా వేసుకుంటారు. బండి తీశాడు. నేను వెనక ఎక్కాను.

"నువ్వెందుకు? దిగు."

"దిగను. ఇంట్లో కూర్చుని చావలేను."

వాదించే తీరిక లేదు. తెలెకుంగ్ అంచులు చక్రంలో పడకుండా తొడల కింద కుక్కుకుని ఆయన నడుం పట్టుకున్నాను.

పెద్ద రోడ్డు ఎక్కేసరికి వాన కుండపోతగా మారింది. ముందు పోయేవాళ్ల ఎర్రదీపాలు తప్ప ఏమీ కనబడటం లేదు. కారు దగ్గర పడినప్పుడల్లా నేను మెడ చాచి చూస్తున్నాను. కాదు. ఇదీ కాదు. ఆయన భుజం మీద నా గడ్డం ఉంది, ఆయన గొణుగుతున్నది నాకు వినబడుతోంది. ప్రార్థన అనుకున్నాను. కాదు. "ఒక్కసారి తొక్కమని అంటే సరిపోయేది, ఒక్కసారి తొక్కమని అంటే సరిపోయేది" అని అదే మాట.

రబ్బరు తోటల మలుపు దాటాక కనబడింది. చిన్న కారు, రెండు నిండు ఎర్రదీపాలు. జపాను అక్కగారివి. "అదే! అదే!" అని ఆయన చెవిలో అరిచాను.

ఆయన వేగం పెంచబోయాడు. మా కుడి పక్క నుంచి ఇసుక లారీ ఒకటి బురద నీళ్లు మా మీద కుమ్మరిస్తూ దాటిపోయి, మాకూ మా పిల్లకీ నడుమ దూరింది. ఇక కారు కనబడలేదు, లారీ వెనక తలుపే కనబడింది. ఏ క్షణాన ఎక్కడ ఏది అడ్డొచ్చి పిల్ల బ్రేకు తొక్కుతుందో. నేను దేవుణ్ణి పిలిచాను, మా అమ్మని పిలిచాను, ఆ లారీవాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఉపవాసం ముగిసింది కాబట్టి సరిపోయింది.

ఉన్నట్టుండి లారీ చక్రాలు కీచుమన్నాయి. లారీ మొత్తం ఎడమకి ఒరిగి, గడ్డి అంచు ఎక్కి, మళ్లీ రోడ్డు మీద పడింది. హారను ఆగకుండా మోగింది. కారుని తాకలేదు. మేం పక్క నుంచి దూసుకుపోతుంటే డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆ కాంచిల్‌కి బుద్ధుందా? దీపం వెయ్యకుండా ఆగుతుందా!" అని కేకలేస్తున్నాడు. 

ఇప్పుడు మా ముందు మా పిల్లే. ఈయన హారను కొట్టి, ముందు దీపం ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి, పక్కకి చేరబోయాడు. నేను చెయ్యి ఊపాను. ఆపు, ఆపు అని అరిచాను. వానలో అద్దాలెత్తుకుని పోయే పిల్లకి ఏం వినబడుతుంది? కారు చటుక్కున మా వైపు జరిగి దారి మూసేసి, వేగం అందుకుంది.

"ఎందుకలా చేస్తోంది!" అన్నాను.

ఆయన వెంటనే అర్థం చేసుకున్నాడు. "మనల్ని దొంగలనుకుంటోంది. వెనక బండి వెంటపడితే ఆగొద్దని, పక్కకి రానివ్వొద్దని నేనే కదా చెప్పింది."

నిజమే. చీకట్లో, వానలో, వెనకాముందూ కోటు తొడిగి, హెల్మెట్టు అద్దం దించుకున్న మగవాడు దీపాలు ఆడిస్తూ వెంటపడుతున్నాడు. నేనైనా ఆగను. మేం దగ్గరికి వెళ్లినకొద్దీ అది ఇంకా జోరుగా పోతోంది, ఆ తడి రోడ్డు మీద. మేం కాపాడబోయి చంపేలా ఉన్నాం.

"వదిలేద్దామా?" అన్నాను. 

"వదిలితే వెనక లారీలున్నాయి." కొంచెం వేగం తగ్గించాడు. హారను ఆపాడు. "పక్కకి వెళ్లను. దాన్ని భయపెట్టను. వెనకే పోతాను, ఫ్యాక్టరీ గేటు దాకా. అది నెమ్మదిస్తే నేనూ నెమ్మదిస్తాను, మన బండి దీపం వెలుగుతుంది. వెనకవాడు దాన్ని చూసి ఆగుతాడు."

"వెనకవాడు ఆగకపోతే?"

"ముందు మనల్ని గుద్దుతాడు."

ఇన్నేళ్లలో ఆయన్ని ఎన్ని అన్నానో, ఎంత సతాయించానో. ఆ మాటకి మాత్రం ఆయన నడుం ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

అలాగే పోయాం. కూడలి వచ్చింది. కారు నెమ్మదించింది. ఆయన కాలు బ్రేకు మీద ఆనించగానే మా వెనక రోడ్డు తడి మీద ఎర్రటి వెలుగు పడటం నేను వెనక్కి తిరిగి చూశాను. దూరంగా వచ్చే లారీ జోరు తగ్గించింది. పని చేస్తోంది. మళ్లీ ఒక వంతెన దగ్గర, మళ్లీ పెట్రోలు బంకు దగ్గర. నాకు ఊపిరి ఆడటం మొదలైంది. "ఇంకొంచెమే," అన్నాడాయన. కారుకీ మాకూ మధ్య దూరం పెరగనివ్వకుండా, ఇంకెవరూ దూరకుండా, అంటిపెట్టుకుని పోతున్నాడు. ఫ్యాక్టరీ గొట్టాల మీది దీపాలు కనబడుతున్నాయి.

మేం ఆలోచించనిది ఒక్కటే. దొంగలు వెంటపడిన ఆడపిల్ల నేరుగా ఫ్యాక్టరీకి పోదు.

పోలీసు స్టేషను ఎడమ చేతి వైపు ఉంది. మైసారా చివరి క్షణం దాకా తిన్నగా పోయింది, వెనకవాళ్లకి తెలియకూడదని. సరిగ్గా గేటు ఎదుట బ్రేకు బలంగా తొక్కి తిప్పింది. ఆ రెండు దీపాలూ అంతకు ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, నిండుగా, ఎర్రగా, నిదానంగా. అవి పెద్దవవుతున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఆయనా చూస్తూనే ఉన్నాడు.

గుద్దాం.

కళ్లు తెరిచేసరికి నీళ్లలో కూర్చుని ఉన్నాను. మోకాలు చీరుకుపోయింది. ఆయన కొంచెం అవతల వెల్లకిలా పడి, కుడి మణికట్టు ఎడమ చేత్తో పట్టుకుని మూలుగుతున్నాడు. ఎర్ర ప్లాస్టిక్ ముక్కలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. కారు తలుపు తెరుచుకుంది. మైసారా స్టీరింగు తాళం కర్ర రెండు చేతులా పైకెత్తి దిగింది.

"దగ్గరికి రాకండి! పగలగొడతా! పోలీస్! పోలీస్!"

"మైసారా," అన్నాను.

కర్ర గాల్లోనే ఆగింది. నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "మక్? అబాహ్?" అని కూలబడి, ఏడుస్తూ ఒక్క గుక్కలో చెప్పింది. "అద్దంలో చూస్తే తల నుంచి కాలి దాకా తెల్లబట్టలు! ముందు పొన్తియానాక్ దెయ్యం అనుకున్నాను. రంజాన్‌లో దెయ్యాల్ని కట్టేస్తారు కదా, అందుకని దొంగలనుకున్నాను. అసలు మీరేంటి, ఇక్కడేంటి?"

ఒక కానిస్టేబుల్ గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. విషయమంతా నేను చెప్పాను, ముక్కలు ముక్కలుగా. అతను విని విని, మా ఆయన పక్కన గొంతుకూర్చున్నాడు. కోపంగా అడగలేదు. నిజంగానే అర్థం కాక, సొంత బాబాయిని అడిగినట్టు అడిగాడు.

"అయితే పాక్ చిక్, ఆ దీపం వెలగదని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"అది చెప్పడానికే వెంటపడ్డారు?"

"అవును."

"మరి ఎలా గుద్దారు?"

 "వెలుగుతుందేమోనని చూశాను," అన్నాడు. "ఎర్రగా అయితే ఆగుదామని చూశాను, బాబూ. కాళ్లకి అదే అలవాటు."

నాకు అప్పుడు భయం వేసింది. గుద్దినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. దారి పొడుగునా ఆ దీపం వెలగదనే అనుకుంటూ వచ్చిన మేమిద్దరం, ఆ కారుని కన్న కూతురిలా కాచుకుంటూ వచ్చిన మేం, అంత తెలిసీ గుద్దాం. ఏమీ తెలియని లారీవాళ్లు ఇంకెందరు దాని వెనక వచ్చేవారో.

మైసారాని దగ్గరికి లాక్కున్నాను. "మక్, తడిసిపోయావు, నా యూనిఫాం పాడవుతోంది, డ్యూటీకి వెళ్లాలి," అంది. నేను వదల్లేదు.