మక్కీకి మక్కీ

మధ్యాహ్నం కావస్తుండగా నాలుగో పేజీలో టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. ఎడమ భుజం జారి, మెడ ముందుకు సాగిన మనిషి. యూనివర్సిటీ గేటుకు ఎదురుగా ఆ ఇరుకు గదిలో ముప్పై అయిదేళ్ళుగా విద్యార్థుల థీసిస్‌లు టైపు చేస్తున్నాడు. అన్ని చదివినందుకు అతనికి నాలుగు డాక్టరేట్లయినా రావాలి. వచ్చింది మెడనొప్పి. తప్పున్నా సరే, రాసిచ్చింది మక్కీకి మక్కీ దించుతాడని పేరు మాత్రం ఉంది.

ఊరంతా ఆ గేటును పట్టుకుని బతుకుతోంది. సెలవులిస్తే టీ కొట్టులో పొయ్యి కూడా వెలగదు. ఇప్పుడు అతని ముందున్నది ఆ యూనివర్సిటీ అరవయ్యేళ్ళ చరిత్రే. రాసింది ప్రొఫెసరు గారు. అందులో ఒక వాక్యం: 'అంతకుముందు ఇక్కడ రాళ్ళూ తుప్పలూ తప్ప ఏమీ లేవు.'

భోజనానికి వెళ్ళినప్పుడు ఆ మాట అక్కకు చెప్పాడు. పెళ్ళిళ్ళు కాని ఆ ఇద్దరిదీ ఒకే ఇల్లు. అక్క గరిటె పట్టుకునే నిలబడిపోయింది.

"ఏమీ లేకపోతే నేనెక్కడ పుట్టానురా?"

"పెద్దాయన అలా రాశాడక్కా. నాదేముంది, కొట్టేవాణ్ణి."

"నలభై ఇళ్ళురా! లైబ్రరీ మెట్లున్న చోటే మన వసారా. నువ్వు అమ్మ కడుపులో ఉన్నావు. యూనివర్సిటీ కడతామని ఉన్నపళాన ఖాళీ చేయించారు. అంత చదువుకున్నాయన, మేము ఉన్నామని ఒక్క ముక్క రాయలేకపోయాడా?"

అతను కంచంలోనే చెయ్యి కడిగి లేచాడు.

తిరిగొచ్చి మిషను ముందు కూర్చున్నాడు. దొంగతనానికి దిగినంత భయం వేసింది. చివరికి ప్రొఫెసరు వాక్యం తీసేసి, ఆ చోట 'ఇక్కడ నలభై ఇళ్ళుండేవి' అని కొట్టాడు. ఇన్నేళ్ళలో అతను సొంతంగా రాసిన వాక్యం అదొక్కటే. ప్యూను వచ్చి కాగితాలు పట్టుకెళ్ళాడు. సాయంత్రం అక్కకు చెప్పాలనుకున్నాడు. ఇంతలో ఛాతీ పట్టేసినట్టయితే కాసేపు బల్లకు తల ఆనించాడు. టీ తెచ్చినాయన, నిద్రపోతున్నాడనుకుని గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. అది చల్లారిపోయాక గానీ సంగతి ఎవరికీ తెలియలేదు.

అయిదో రోజు అక్క ఆ గది ఖాళీ చేస్తుండగా ప్యూను ఒక కాగితంతో మళ్ళీ వచ్చాడు.

"ఈ పేజీలో తప్పుందమ్మా. తిరిగి కొట్టించమన్నారు సారు. పాపం, తమ్ముడు గారు పోయిన సంగతి సారుకు తెలీదు."

అక్కకు చదువు రాదు. ఎర్ర గీత మాత్రం కనిపించింది.

"మా తమ్ముడు ఎప్పుడూ తప్పు కొట్టలేదు బాబూ. ఆ రోజు ఒంట్లో బాగాలేనట్టుంది," అంది సిగ్గుపడుతూ.

ఆమె తలుపు వేసి వెళ్ళిపోయాక, ఖాళీ బల్ల మీద ఆ కాగితం ఒక్కటే మిగిలింది, నలభై ఇళ్ళ మీదుగా ఎర్ర సిరా గీతతో.