బిర్చ్ పుల్లకు కట్టిన పసుపుకొమ్ము

నేను ఒక సోయుజ్ రాకెట్టుకు పక్క బూస్టర్‌ని. రాకెట్టు అనగానే మీరు తలెత్తి కొస వైపు చూస్తారు, ఉపగ్రహం ఉండేది అక్కడ కనుక. నేనుండేది అడుగున. నడిమి స్తంభానికి నాలుగు వైపులా నలుగురం ఆనుకుని నిలబడతాం, తలకిందులుగా పెట్టిన ముల్లంగి దుంపల్లా.

నా బతుకు బేరం పుట్టకముందే కుదిరిపోయింది. కడుపునిండా కిరోసిన్, దాన్ని మండించడానికి మంచుకన్నా చల్లని ద్రవ ఆక్సిజన్ పోస్తారు. రెండు నిమిషాల్లో అదంతా కాల్చి బరువును పైకెత్తాలి. ఆ తరువాత నన్ను వదిలేస్తారు. ఇందులో నాకు కోపం లేదు. సరుకు అయిపోయాక ఖాళీ గోతాలు మోసుకుంటూ కొండెక్కే వర్తకుడు ఎక్కడైనా ఉంటాడా? నన్ను గీసినవాళ్లు ఆ లెక్క ఎరిగినవాళ్లు. ముందు మేం నలుగురం, తరువాత నడిమి స్తంభం, ఆ తరువాత దాని పైది, ఎవరి కడుపు ఖాళీ అయితే వాళ్లు రాలిపోవాలి. అంతా పోగా కక్ష్యకు చేరేది పిసరంత. అంత పెట్టుబడికి ఇంత రాబడి అంటే ఏ బజారులోనైనా నవ్వుతారు. ఇక్కడ చప్పట్లు కొడతారు.

వోల్గా ఒడ్డున సమారాలో పుట్టి, రైలెక్కి కజక్ మైదానంలోని బైకనూరుకు వచ్చాను. అక్కడ మమ్మల్ని పడుకోబెట్టే ఒకటిగా బిగించారు. పడుకున్నవాళ్లను పడుకున్నట్టే రైలు మీద ప్రయోగవేదికకు తీసుకుపోతుంటే, పట్టాల మీద జనం నాణేలు పెట్టారు. మా బరువుకు నలిగిన నాణెం ఏ అంగట్లోనూ చెల్లదు. అయినా వాటినే ఏరుకుని అపురూపంగా జేబులో దాచుకున్నారు. మనుషుల లెక్క మీద నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

రెండో అనుమానం పుల్ల దగ్గర వచ్చింది. ఇంత యంత్రాన్ని, ఇన్ని కంప్యూటర్లను పెట్టుకుని, చివరికి మమ్మల్ని వెలిగించేది అగ్గిపుల్లే. వెటకారం కాదు. తెల్లబెరడు బిర్చ్ చెట్టు కర్రకు మందు కూరిన గొట్టాలు బిగించి, మా ఇంజన్ల గొంతుల్లోకి కింద నుంచి దూరుస్తారు. ఆ మందుకు అడ్డంగా ఒక సన్నని తీగ ఉంటుంది. మంట అంటుకుంటే తీగ తెగుతుంది. తీగ తెగితే లోపల నిప్పుందని ప్రయోగం నడిపేవాళ్లకు తెలుస్తుంది, అప్పుడు కిరోసిన్ వదులుతారు. ఆ పుల్లలు పెట్టే జట్టుకు పెద్ద లిడియా మకరోవ్నా. బొద్దుగా, గట్టి గొంతుతో ఉండే మనిషి. ఆమె ఒకసారి సరిచూశాక పుల్లను ఇంకెవరూ ముట్టకూడదు, ఆమె కూడా మళ్లీ ముట్టదు. అక్కడి పద్ధతి అది.

ప్రయోగానికి ముందురోజు మధ్యాహ్నం, సరుకు తాలూకు వాళ్లను మా పాదాల దగ్గరికి తెచ్చి చూపించారు. పెద్ద ఉపగ్రహం వాళ్లు ముందు నడిచారు. వెనక మైలపల్లి నూకరత్నం, ఆమె పైఅధికారి గంగునాయుడు. భీమిలి దగ్గరి జాలరి పల్లె ఆమెది. రష్యాలో చదివింది కనుక ఇక్కడి భాష వచ్చు. వాళ్ల ఉపగ్రహం చెప్పుల పెట్టంత. పెద్దదాని పక్కన ఒక డబ్బాలో ఒదిగి కూర్చుంది. కక్ష్యకు చేరాక ఆర్డరు అందితేనే ఆ డబ్బా తలుపు తెరుచుకుని అది బయటపడుతుంది. ఫోన్లు అందని నడిసముద్రంలో పడవ ఎక్కడుందో చెప్పడం దాని పని. తుపానులో ఆమె అన్న పడవ దారి తప్పినప్పుడు, వెతికేవాళ్లు దక్షిణాన వెతికారు. పడవ ఉత్తరాన ఉంది.

లిడియా నాణేల మోజు గురించి చెబుతూ అందరినీ నవ్విస్తుంటే, నూకరత్నం నా కిందికి వచ్చి నిలబడింది. చుట్టూ అంతా లోహం. నా గొంతులోంచి వేలాడుతున్నది ఒక్కటే చెక్క. వాళ్ల ఊళ్లో కొత్త పడవను నీళ్లలోకి తోసేముందు అణియానికి, అంటే పడవ ముక్కుకు, పసుపుకొమ్ము కడతారు. వాళ్లమ్మ ఇచ్చిన కొమ్ము, దారం ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి. రవాణాలో ఇంజన్ కదలకుండా పెట్టిన ఊతకర్ర ఇది, రేపు ఎలాగూ లాగి పారేస్తారు అనుకుంది పాపం. రాకెట్టు లోపల చెక్కకు పనేముంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు? గబగబా చుట్టి ముడేసింది. చెక్కతో పాటు పక్కనున్న సన్నతీగ కూడా ఆ ముడిలో పడింది.

చెప్పడానికి నోరు లేదు, ఉన్న నోట్లోనే ముడి.

వెళ్లబోతూ నూకరత్నం లిడియాను అడిగింది. "ఆ కర్రలు ఎప్పుడు తీసేస్తారండీ?"

"తీసేయడమా?" లిడియా పెద్దగా నవ్వింది. "అమ్మాయ్, అవి తీసేస్తే మీ పెట్టెను పైకి నువ్వు మోస్తావా? అవే అగ్గిపుల్లలు. తీగ తెగకపోతే రాకెట్టు కదలదు. మంట లేకుండానే తెగిందనుకో, ఇక మనకు టీ పెట్టేవాళ్లు కూడా మిగలరు."

నూకరత్నం మొహంలో నెత్తురు లేదు. గంగునాయుడు ఆమెను నా పక్కకు లాగాడు.

"ఏటమ్మీ, ఏటైంది?"

"ఆ కర్రకి పసుపుకొమ్ము కట్టీసినాను, నాయుడుగారూ."

"ఓలమ్మో! నీకేటి పిచ్చా?"

"ఊతకర్ర అనుకున్నాను. ఇప్పుడే సెప్పీయాల."

"సెప్పితే ఏటవుద్దో ఎరుకేనా? రాకెట్టుని ముట్టినోల సరుకు కదా అని మన డబ్బా తలుపు తెరిసే ఆర్డరు కొట్టీసినారంటే? మన పెట్టి ఆ డబ్బాలోనే ఉండిపోయి, ఆ పైముక్కతో పాటే కాలిపోద్ది. ఇన్నేళ్ల పని, బుగ్గి! దారం కదా, ఆ మంటకి అదే కాలిపోద్దిలే."

"ముడి గట్టిగా ఏసినానండీ. తీగ కూడా దాన్లోనే ఉంది."

"ఎవులు సూసినారు?"

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. నేను చూశానని ఆమెకు తెలియదు.

గంగునాయుడిని నేను తప్పుపట్టను. చేతిలో ఉన్న సరుకును కాపాడుకోవడమే అతని ఆలోచన. కానీ బేరంలో ఎదుటివాడి వాటా కూడా మనమే పణంగా పెడితే దాన్ని బేరం అనరు. పైన పెద్ద ఉపగ్రహం ఉంది. కింద లిడియా జట్టు ఉంది. నేనున్నాను.

"మా అన్నని కూడా ఎవులో తెలీక తప్పు దిక్కున ఎతికినారు," అంది నూకరత్నం. "నాను తెలిసి ఊరుకుంతే మరేటి మిగులుద్ది?"

ఆమె తిరిగి లిడియా దగ్గరికి నడిచింది. చెప్పింది. లిడియా మొహం మీది నవ్వు ఆరిపోయింది. దీపం పట్టుకుని నా కిందికి వచ్చి చూసింది. తీగ ముడిలో బిగుసుకుని, తెగడానికి సిద్ధంగా ఉంది. మొత్తం పుల్లనే బయటికి లాగి, కొత్తది పెట్టింది. మిగతా పుల్లలన్నీ మళ్లీ మొదటినుంచి చూసింది.

"దేనికి కట్టావు?" అని చివరికి అడిగింది.

"మా నాన్న పడవకి కడతామండీ. మళ్లీ ఒడ్డుకు రావాలని."

లిడియా పసుపుకొమ్మును అరచేతిలో తిప్పి చూసింది. "మా ఆయన సగింబాయ్ అరల్ సముద్రం మనిషి. నీళ్లు వెనక్కి పోతే వాళ్ల పడవలు ఇసుకలో ఉండిపోయాయి. ఇప్పుడు ఆకాశం నుంచి పడ్డవాటిని కోసే పని చేస్తున్నాడు. నేను పైవాళ్లకు చెప్పి తీరాలి, అమ్మాయ్. మీ డబ్బా తలుపు సంగతి నా చేతిలో లేదు."

"తెలుసండీ."

కొమ్మును లిడియా తన జేబులోనే వేసుకుంది, నలిగిన నాణెం పక్కన.

తలుపు ఆర్డరు ఉంచారో, కొట్టేశారో నాకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఆక్సిజన్ పోస్తుంటే ఒళ్లంతా మంచు పేరుకుంది, లోపల మాత్రం ఆ ఒక్క అనుమానం పేరుకుంది. పుల్ల అంటుకుంది. తీగ తెగింది. నా ప్రాణమంతా నిప్పుగా కుమ్మరించాను. కాలిపోతున్న ప్రతి బొట్టుకూ అనుకున్నాను, ఎవరి సరుకు మోస్తున్నాను, దించేవాళ్లున్నారా అని. అంతలో గొలుసు తెగినట్టు నన్ను వదిలేశారు.

మైదానంలో గడ్డి మీద పడ్డాను. నడుము విరిగింది. గొర్రెలు వచ్చి వాసన చూసి, కిరోసిన్ కంపుకు తుమ్మి పోయాయి. రాత్రుళ్లు పైన ఏదో మెరుస్తూ పోయేది. అదేనా? డబ్బా విప్పారా? మోసినవాడికి సరుకు చేరిన కబురు రాకపోతే, ఆ మోత మోతే కాదు.

చివరికి కోసేవాళ్లు వచ్చారు. ముందు నడిచిన మనిషికి ఎండకు మాడిన మొహం, ఓపికైన నడక. గ్యాస్ గొట్టాలు విప్పుతుండగా అతని ఫోన్ మోగింది.

"చెప్పు లిడియా... ఆ, దాని దగ్గరే ఉన్నాను... పసుపుకొమ్ము అమ్మాయా?" చాలాసేపు విన్నాడు. నాకు ఒక్క మాటా వినపడలేదు. అంత ఆత్రంగా నేను ఆకాశంలో కూడా మండలేదు.

డ్రైవర్ అడిగాడు, "ఏమన్నా, ఏమైంది?"

"వీడు మోసిన పెట్టెల్లో ఒకటి ఇన్నాళ్లూ పలకలేదట. అందరూ ఆశ వదులుకున్నారట. ఇవాళ పలికింది. మొదట దొరికిన పడవ ఆ అమ్మాయి నాన్నదేనట. పైడితల్లి అట దాని పేరు."

"అంటే నువ్వు చెప్పిన ఆ డబ్బా తలుపు తెరిచారన్నమాట."

"తెరిచారు. తప్పు ఒప్పుకున్నదాన్ని శిక్షిస్తే రేపు ఎవరూ ఒప్పుకోరని మా ఆవిడ పోట్లాడిందట. పోట్లాట సంగతి మాత్రం నాకు ఇవాళే చెప్పింది." సగింబాయ్ నా ఒంటిమీద అరచెయ్యి ఆనించాడు. ఆ మైదానంలో కనుచూపుమేర నీటిచుక్క లేదు.

"ఆ పడవ ఒడ్డుకు వచ్చిందా?" అన్నాడు డ్రైవర్.

"వచ్చిందట."

సగింబాయ్ గ్యాస్ తిప్పి, జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. గాలికి చెయ్యి అడ్డం పెట్టి పుల్ల గీశాడు. మొదటి గీతకే అంటుకుంది.