తొక్కుడు పియానో

పొద్దున మిషన్ ఎక్కే ముందు దర్జీ జాన్ సాహెబ్ పియానో ముందు కూర్చుని, ఎప్పటిలాగే రెండు పాదాలూ ఆడించడం మొదలుపెట్టాడు. జీవితమంతా తొక్కుడు మిషన్ తొక్కిన కాళ్లు. చేతులు కదిలితే అవీ కదలాల్సిందే. కింద పెడల్ పడగానే స్వరాలన్నీ ఒకదానిమీదొకటి పడి మోగాయి.

“కాళ్లు తీయండి జాన్ సాహెబ్,” అంది పక్కింటి మార్త టీచరమ్మ కిటికీలోంచి. “మీరు కుట్టేది లాగు కాదు.”

నిరుడు తెల్లదొరలు సికింద్రాబాద్ వదిలి పోతూ సామాను వేలం వేసినప్పుడు ఆయన హార్మోనియం కోసమే వెళ్లాడు. దానికి ఒక చెయ్యి గాలికే పోతుందని తెలిసి నిరాశపడ్డాడు. పక్కనే పియానో, దాని కింద పెడల్ కనిపించాయి. “నా మిషిన్ లెక్కనే ఉంది, జల్ది వస్తది,” అని దాన్నే ఎంచుకున్నాడు. ద్వారంలో పట్టక అది వరండాలోనే ఉండిపోయింది. భార్య జైనాబీ దాని మీద ఉల్లిగడ్డలు ఆరబోసేది. ఇన్నాళ్లకు ఆయనకు వచ్చింది సగం పాట.

ఆ సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం హైదరాబాద్ మీదికి వస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం నెత్తిమీద విమానం మోగేసరికి గల్లీ జనమంతా జాన్ సాహెబ్ ఇంట్లో దూరారు. గట్టి మిద్దె అదొక్కటే. ఎవరు ఎవరికి భయపడాలో తెలియక గోడలకు ఒరిగి కూర్చున్నారు. పాలు పోసే బాలమ్మ ఒళ్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

“జెర ఏదన్న వాయించు సాహెబ్,” అంది బాలమ్మ. “గా మోతకన్న నీ మోతే నయం.”

జైనాబీ వద్దంటున్నా ఆయన వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు. చేతులు మెట్ల మీద పడ్డాయి. కాళ్లు పరుగెత్తాయి. పియానో చేసిన చప్పుడుకు బిడ్డ బిత్తరపోయి ఏడుపు మరిచింది. లోపలినుంచి ఎవరో, “కాళ్లు,” అన్నారు. తర్వాత అందరూ అన్నారు.

జాన్ సాహెబ్ సిగ్గుపడి రెండు కాళ్లూ పైకి లాగి, అన్నం ముందు కూర్చున్నట్టు, కూర్చున్న బల్ల మీదే బాసిపట్టు వేశాడు. స్వరాలు విడివిడిగా, శుభ్రంగా పలికాయి. సగం దగ్గర ఆగిపోతే మార్త వచ్చి పక్కన నిలబడి, తక్కిన మెట్లు ఒక్కొక్కటే వేలితో చూపించింది. పాట చివరిదాకా వెళ్లింది. లోపల నవ్వులు వినిపించాయి.

సాయంత్రం యుద్ధం ముగిసిందని రేడియో చెప్పింది. అందరూ ఇళ్లకు వెళ్లారు.

“రేపు ఇంకో పాట షురూ చేద్దాం టీచరమ్మా,” అని, జాన్ సాహెబ్ జెర నడుం వాలుస్తానంటూ మంచమెక్కాడు.

పొద్దుగూకాక మగ్రిబ్ నమాజుకు జైనాబీ లేపింది. ఆయన లేవలేదు.

మర్నాడు గల్లీ అంతా కలిసి ఆయన్ను మోసుకెళ్లింది. పియానో మూలకు తగిలించిన షేర్వాణీకి ఒక చెయ్యే కుట్టి ఉంది. రెండోది మిషన్ సూది కిందే ఉండిపోయింది.