మేం కట్టని గంట

కొండమ్మకు కొత్త మందు ఆగిపోయేలా ఉంది. క్యాన్సర్ పరిశోధనలో చేరి, టేకులపల్లి అవతలి అడవిపల్లె నుంచి మూడు వారాలకోసారి ఖమ్మం వచ్చి ఎక్కించుకుంటున్న మందది. గడ్డ సగానికి తగ్గింది. అంతలో కడుపునొప్పి, నీరసం మొదలయ్యాయి. ఈ తిప్పలు మందు వల్లే అయితే ఆపక తప్పదన్నారు డాక్టర్లు.

"వేరే మందేమన్న తింటున్నవా పెద్దమ్మా?" అని వచ్చినప్పుడల్లా అడిగేది భార్గవి. పరిశోధన కోసం రక్తం తీసేది ఆ పిల్లే.

"లేదు బిడ్డా," అనేది కొండమ్మ, రొంటిన దోపుకున్న పొట్లాన్ని తడుముకుంటూ.

అది అన్న బొజ్జయ్య ఇచ్చిన పొడి. నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళకు వేర్లమందు ఇస్తున్న మనిషి. మందు సంగతి బయటపెడితే దాని సత్తువ పోతుందని తాతలనాటి కట్టుబాటు. తిన్నవాళ్ళు చెప్పరు, ఇచ్చినవాడు అసలే చెప్పడు.

ఈసారి భార్గవి కాగితం పట్టుకుని వచ్చింది. తోడొచ్చిన బొజ్జయ్య పక్కనే కూర్చున్నాడు.

"నీ రక్తం హైదరాబాద్ పంపుతం గదా, మాస్ సైటోమెట్రీకి. ఎవరి మేకలో తెలిసేటట్టు మెడల గంట కడ్తరు చూడు, గట్లనే జబ్బుతోని కొట్లాడే కణాలకు రకానికో లోహం అంటిస్తరు. మిషన్ ఆ లోహాన్ని పట్టి ఏ మంద ఎంతుందో చెప్తది. నీ మంద మంచిగ పెరిగింది పెద్దమ్మా. కానీ మేం కట్టని గంట ఒకటి మోగింది. సీసం! అనుమానమొచ్చి వేరే పరీక్ష గూడ చేయించినం. ఉన్నది. నీ కడుపునొప్పి దాంతోనే కావచ్చు. ఎక్కడ్నుంచి వస్తుందో తెలిస్తే ఈ మందు ఆపకుండ డాక్టర్లను అడుగుత."

కొండమ్మ చెయ్యి రొంటినున్న పొట్లం మీదికి పోయింది. చెబితే అన్న హస్తవాసి పోతుంది, చెప్పకపోతే తన ప్రాణం. పోతే ప్రాణమే పోనీ అనుకుంది, ఎంత మొండిదో చూడండి!

బొజ్జయ్య చెల్లెలి మొహం చూశాడు. "తియ్," అని చెయ్యి చాచాడు. పొట్లం అందుకుని బల్లమీద పెట్టాడు.

"నేనే ఇచ్చిన. బలమొస్తదని సంతల అమ్మే భస్మం కలిపిన. గదే గావచ్చు. వేర్ల పేర్లు గూడ రాస్కో బిడ్డా."

ఒక్కొక్కటే చెప్పాడు. పెళ్ళాం చెవిన కూడా వెయ్యని పేర్లవి.

"అన్నా, ఇగ నీ మందు..." కొండమ్మ అన్న చెయ్యి పట్టుకుంది.

"పోతే పోనీయే చెల్లె. నువ్వుంటె సాలు."

సీసం ఆ భస్మంలోనే దొరికింది. దాన్ని మానేసి, విరుగుడుకు వేరే వైద్యం చేశాక నొప్పి తగ్గుముఖం పట్టింది. కొత్త మందు కొనసాగిద్దామన్నారు డాక్టర్లు. ఆ మాట విన్ననాడు కొండమ్మ భార్గవి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పక్కనున్న అన్నను చూస్తే ఏడుపొచ్చింది. ఇలాంటి అన్న ఎంతమందికి ఉంటాడు? తెచ్చిన డబ్బా భార్గవి ముందు పెట్టింది.

"ఏంది పెద్దమ్మా ఇది?"

కొండమ్మ నోరు తెరిచేలోపే బొజ్జయ్య అందుకున్నాడు. "ఇప్పపువ్వు, బెల్లం, నువ్వులు. ఇంకేం కలపలే!"

కొండమ్మ పగలబడి నవ్వింది. అంత నవ్వినా కడుపు నొయ్యలేదు.